టర్నిటిన్‌కు ఇచ్చే ముందు మీ అసైన్‌మెంట్‌ను మీరే సరిచూసుకోవడం ఎలా?

బ్రిటన్‌లో మాస్టర్స్ చదవడానికి వెళ్లే తెలుగు విద్యార్థుల్లో ఎక్కువమంది సెప్టెంబరులోనో జనవరిలోనో అక్కడ అడుగుపెడతారు. అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా, పార్ట్‌టైమ్ పని వెతుకులాటలో ఉండగానే మొదటి అసైన్‌మెంట్ గడువు వచ్చి మీద పడుతుంది. మన దగ్గర డిగ్రీలోనూ బీటెక్‌లోనూ అసైన్‌మెంట్ అంటే ఇచ్చిన ప్రశ్నలకు జవాబులు తెల్లకాగితాల మీద రాసి లెక్చరర్ టేబుల్ మీద పెట్టి రావడం, దానికి వచ్చేవి కొద్దిపాటి ఇంటర్నల్ మార్కులు. అక్కడ ఒక మాడ్యూల్ (కోర్సులో ఒక సబ్జెక్టు) మార్కుల్లో సగమో, చాలాసార్లు మొత్తమో, రెండు మూడు వేల పదాల ఒక్క వ్యాసం మీదే ఆధారపడి ఉంటాయి. మాస్టర్స్ స్థాయిలో పాస్ కావడానికి సాధారణంగా 50 మార్కులు కావాలి. ఆ వ్యాసాన్ని మూడిల్, కాన్వాస్, బ్లాక్‌బోర్డ్ వంటి వేదికలలో ఒకదాని ద్వారా ఆన్‌లైన్‌లోనే అందజేయాలి, అందిన తర్వాత చాలా విశ్వవిద్యాలయాల్లో టర్నిటిన్ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని పరిశీలిస్తుంది.

ఈ దశలో విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: సిమిలారిటీ (ఇతరుల రాతతో పోలిక) ఎంత శాతం లోపు ఉంటే ఇబ్బంది ఉండదు? ఒకరు 15 అంటారు, ఇంకొకరు 20 అంటారు. అడిగినవారు ఆ అంకెను కిందికి దించడానికి రాత్రంతా పదాలు మారుస్తూ కూర్చుంటారు. ఆ శ్రమ వృథా అవుతోందని, అదే శ్రమను ఇంకొక చోట పెడితే మార్కులూ వస్తాయి, భయమూ పోతుందని నా నమ్మకం. అది ఎక్కడ పెట్టాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

టర్నిటిన్ చూసేది ఏమిటి

టర్నిటిన్ ఎవరినీ దొంగ అని తేల్చదు. మీరు ఇచ్చిన పాఠాన్ని ముక్కలుగా చేసి, ఇంటర్నెట్‌లో ఇప్పుడున్న పేజీలతోనూ, గతంలో ఉండి తొలగించిన పేజీలతోనూ, పరిశోధన పత్రికలు, పుస్తకాల ప్రచురణకర్తల నుంచి సేకరించిన పాఠంతోనూ, ఇంతకు ముందు ఇతర విద్యార్థులు సమర్పించిన అసైన్‌మెంట్లతోనూ పోల్చి, కలిసిన చోటునల్లా రంగు వేసి చూపిస్తుంది. మొత్తం పాఠంలో అలా కలిసిన భాగం ఎంతో చెప్పేదే సిమిలారిటీ శాతం. ఏదీ కలవకపోతే నీలం, ఒక్క పదం మొదలుకొని 24 శాతం వరకు ఆకుపచ్చ, 25 నుంచి 49 వరకు పసుపు, 50 నుంచి 74 వరకు నారింజ, ఆ పైన ఎరుపు రంగు కనిపిస్తాయి. ఈ రంగులు పోలిక ఎంత ఉందో చెబుతాయి తప్ప, ఆ పోలిక తప్పో ఒప్పో చెప్పవు. ఆ నిర్ణయం మీ పేపరు దిద్దే అధ్యాపకులది.

ఇద్దరు విద్యార్థులను ఊహించుకోండి. ఒకరి రిపోర్ట్‌లో 24 శాతం వచ్చింది, కానీ అందులో చాలా భాగం చివర ఇచ్చిన రిఫరెన్సుల జాబితా, పైన కాపీ చేసి పెట్టిన ప్రశ్న, విభాగం వారు ఇచ్చిన కవర్ షీట్, కొటేషన్ గుర్తుల మధ్య మూలం చెప్పి వాడిన రెండు మూడు వాక్యాలు. మరొకరికి వచ్చింది 6 శాతమే, కానీ ఆ ఆరు శాతమూ ఒకే పరిశోధన పత్రం నుంచి గుర్తులు లేకుండా, మూలం చెప్పకుండా ఎత్తి పెట్టిన ఒక పేరా. విచారణకు పిలుపు అందుకునేది ఈ రెండో విద్యార్థే. 20 లోపు ఉంటే చాలనే మాటను నమ్మినవారికి ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు.

యంత్రానికి అందని తప్పులూ ఉన్నాయి. తెలుగు పత్రికలో వచ్చిన విశ్లేషణను ఇంగ్లీషులోకి మార్చి మూలం చెప్పకుండా వాడుకుంటే రిపోర్ట్‌లో ఏమీ కనిపించకపోవచ్చు. అంతమాత్రాన అది మీ ఆలోచన అయిపోదు. ఒక మాడ్యూల్‌కు ఇచ్చిన సొంత వ్యాసంలోని పేరాలను ఇంకొక మాడ్యూల్‌లో అనుమతి లేకుండా మళ్లీ వాడడాన్ని కూడా అక్కడి నిబంధనలు సాధారణంగా తప్పుగానే లెక్కిస్తాయి.

అసలు పని నోట్స్ దగ్గర మొదలవుతుంది

మన చదువులో పాఠ్యపుస్తకంలోని నిర్వచనాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పినవారికే పూర్తి మార్కులు వచ్చేవి, గైడులో ఉన్న జవాబును ఉన్నట్టు రాస్తే బాగా చదివినట్టు లెక్క. పదిహేనేళ్లు అలా పెరిగిన విద్యార్థి అక్కడ కూడా అదే చేస్తే, అందులో మోసపు ఉద్దేశం లేకపోయినా, నిబంధనల దృష్టిలో అది గ్రంథచౌర్యమే. ఈ తేడాను ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోవడం వల్ల నష్టపోతున్నవారిలో తెలివైన, కష్టపడే విద్యార్థులు ఉన్నారన్నదే నాకు బాధ కలిగించే విషయం. మొదటి వారంలో లైబ్రరీ వారు పెట్టే అకడమిక్ ఇంటెగ్రిటీ తరగతి తప్పనిసరి కాకపోయినా వెళ్లండి. తర్వాత మాకు తెలియదంటే ఆ మాటను చాలా తక్కువ చోట్ల పట్టించుకుంటారు.

నోట్స్ రాసేటప్పుడు మూడు రకాల వాక్యాలను వేరుచేసి పెట్టుకోవాలి: పుస్తకం నుంచి ఉన్నదున్నట్టు దింపుకొన్నవి, పుస్తకంలోని విషయాన్ని మీ మాటల్లో చెప్పినవి, పూర్తిగా మీకే తోచినవి. మొదటి రకాన్ని రాసుకునేటప్పుడే కొటేషన్ గుర్తులు పెట్టి పేజీ సంఖ్య వేయండి, మూడో రకానికి వేరే రంగు వాడండి. రెండు వారాల తర్వాత అదే ఫైలు తెరిచినప్పుడు ఏది ఎవరి వాక్యమో గుర్తుండదు, అనుకోకుండా జరిగే కాపీల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి. రచయిత పేరు, సంవత్సరం, డీఓఐ సంఖ్య (ప్రతి పరిశోధన పత్రానికీ ఉండే ఆన్‌లైన్ గుర్తింపు సంఖ్య) వెంటనే నమోదు చేయడానికి జొటెరో, మెండలే వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని మొదటి నెలలోనే నేర్చుకుంటే కోర్సు చివర రాసే పెద్ద పరిశోధన వ్యాసం (డిసర్టేషన్) నాటికి చాలా పని తప్పుతుంది.

సొంత మాటల్లో చెప్పడం అంటే పర్యాయపదాలు పెట్టడం కాదు. మూలంలో ఇలా ఉందనుకుందాం: అనంతపురం జిల్లాలో వర్షపాతం తక్కువగా, నిలకడ లేకుండా ఉండడం వల్ల మెట్ట రైతులు వేరుశనగ సాగు మీద ఎక్కువగా ఆధారపడ్డారు. దీన్ని మీరు, అనంతపురం ప్రాంతంలో వానలు స్వల్పంగా, అస్థిరంగా ఉన్నందున మెట్ట వ్యవసాయదారులు వేరుశనగ పంట మీద అధికంగా ఆధారపడ్డారు అని రాస్తే, వాక్యం అచ్చు అదే. మాటకు మాట మారింది, అంతే. అదే విషయాన్ని, ఒకే పంటను నమ్ముకోవడం అక్కడి రైతుకు ఎంపిక కన్నా అవసరంగానే మొదలైందని, అందుకు వాన లెక్కే కారణమని ఫలానా రచయిత వివరించారని, అయితే నీటి వసతి వచ్చిన గ్రామాల్లో ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో చూడాలని రాస్తే, మూలం పేరు వచ్చింది, విషయం వచ్చింది, దాని మీద మీ ప్రశ్న కూడా వచ్చింది. పేపరు దిద్దేవారు మార్కులు వేసేది ఆ ప్రశ్నకు. ఇలా రాయడానికి తేలిక మార్గం ఒకటుంది: మూలాన్ని చదివి, మూసేసి, తరగతిలో లేని స్నేహితునికి తెలుగులో వివరిస్తున్నట్టు చెప్పుకొని, ఆ చెప్పినదాన్ని ఇంగ్లీషులో రాసి, ఆ తర్వాతే మూలం తెరిచి వివరాలు సరిచూడండి. మీ మాటల్లో రాసినా మూలం చెప్పడం మాత్రం తప్పదు.

రిఫరెన్స్ పద్ధతి విషయంలో విభాగం ఇచ్చిన మార్గదర్శకాన్నే పాటించండి. హార్వర్డ్ అనే పేరుతో ఒకే స్థిరమైన పద్ధతి లేదు, ఒక్కో విశ్వవిద్యాలయం కామాలు, బ్రాకెట్లు ఒక్కో తీరుగా పెట్టమంటుంది.

ముందుగా ఎక్కడ పరీక్షించుకోవాలి

చాలా విశ్వవిద్యాలయాలు అసలు సమర్పణ లింకుకు తోడు డ్రాఫ్ట్ పరీక్షించుకునే లింకును కూడా మాడ్యూల్ పేజీలో పెడతాయి. అది కనిపించకపోతే మాడ్యూల్ లీడర్‌ను ఈమెయిల్‌లో అడగండి, అలా అడగడాన్ని ఎవరూ అనుమానంగా చూడరు. కొన్ని చోట్ల గూగుల్ డాక్స్‌లోనూ వర్డ్ ఆన్‌లైన్‌లోనూ పనిచేసే టర్నిటిన్ డ్రాఫ్ట్ కోచ్ అనే సదుపాయం విద్యార్థి ఖాతాతోనే వస్తుంది. దానిలో ఒక్కో పత్రాన్ని మూడుసార్లు మాత్రమే పరీక్షించవచ్చు, అక్కడ చూసుకున్న పాఠం విద్యార్థుల పేపర్ల నిల్వలోకి చేరదు. ఈ రెండో అంశం చాలా ముఖ్యమైనది, ఎందుకో చెబుతాను.

వేరే విశ్వవిద్యాలయంలో చదువుతున్న స్నేహితుని ఖాతాలో మీ వ్యాసాన్ని పెట్టించి రిపోర్ట్ తెప్పించుకున్నారనుకోండి. ఆ ఖాతాలోని అసైన్‌మెంట్ సెట్టింగును బట్టి మీ పాఠం టర్నిటిన్ నిల్వలో ఆ విశ్వవిద్యాలయం విద్యార్థి పేపరుగా భద్రమైపోవచ్చు. తర్వాత మీరు మీ సొంత లింకులో అదే వ్యాసాన్ని పెట్టినప్పుడు, అది ఫలానా విశ్వవిద్యాలయానికి ఇంతకు ముందే సమర్పించిన పేపరుతో దాదాపు పూర్తిగా కలుస్తోందని ఎర్రగా వస్తుంది. అది మీరు రాసిందేనని నిరూపించే భారం అప్పుడు మీ మీద పడుతుంది. ఎవరో రాసింది కొన్నారని గానీ, మీరు రాసింది ఇతరులకు ఇచ్చారని గానీ అనుకోవడానికి అధ్యాపకులకు పూర్తి అవకాశం ఉంటుంది. టెలిగ్రామ్‌లో, వాట్సాప్‌లో కొద్దిపాటి డబ్బుకు టర్నిటిన్ రిపోర్ట్ ఇప్పిస్తామనేవారి దగ్గర కూడా ఇదే ప్రమాదం ఉంది, పైగా మీ ఫైలు ఎవరి చేతికి వెళ్లిందో మీకు తెలిసే దారి ఉండదు. పేరు తెలియని ఉచిత ప్లేజియరిజం చెకర్లలో ఎక్కువ వాటికి పరిశోధన పత్రికల పాఠం గానీ విద్యార్థుల పేపర్లు గానీ అందుబాటులో ఉండవు కనుక, అవి సున్నా అని చెప్పినా ఆ సున్నాను నమ్మడానికి వీల్లేదు.

అసైన్‌మెంట్ రాసిపెడతామని వచ్చే సందేశాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంగ్లండ్‌లో 2022 నాటి స్కిల్స్ అండ్ పోస్ట్-16 ఎడ్యుకేషన్ చట్టం ప్రకారం అలాంటి సేవను డబ్బుకు అందించడం, దానికి ప్రకటన ఇవ్వడం నేరం. ఆస్ట్రేలియాలో 2020లో చేసిన చట్టం ఇలాంటి వ్యాపారానికి రెండేళ్ల వరకు జైలుశిక్షను నిర్దేశించింది. ఈ చట్టాలు అమ్మేవారి మీదివే, అయితే కొన్న విద్యార్థి విషయం విశ్వవిద్యాలయం చేతిలో ఉంటుంది. కొన్న తర్వాత ఇంకా డబ్బు ఇవ్వకపోతే విశ్వవిద్యాలయానికి చెప్పేస్తామని బెదిరించే ముఠాలు ఉన్నాయని ఆస్ట్రేలియా ఉన్నత విద్యా నియంత్రణ సంస్థ విద్యార్థులను హెచ్చరించింది కూడా.

డ్రాఫ్ట్ లింకులో పరీక్షించుకోవడానికి గడువుకు కనీసం నాలుగైదు రోజుల ముందు కూర్చోండి. టర్నిటిన్‌లో ఒకే అసైన్‌మెంట్‌కు మొదటి మూడుసార్ల వరకు రిపోర్ట్ త్వరగా వస్తుంది, ఆ పైన మళ్లీ పెట్టిన ప్రతిసారీ 24 గంటలు ఆగాలి. గడువు రాత్రి నాలుగోసారి ఫైలు మార్చినవారు రిపోర్ట్ చూడకుండానే గడువు దాటిపోతారు.

రిపోర్ట్‌ను చదవడం

రిపోర్ట్ రాగానే పైనున్న అంకెను పక్కన పెట్టి, కుడివైపు కనిపించే మూలాల జాబితాకు వెళ్లండి. రిఫరెన్సుల జాబితానూ కొటేషన్లనూ లెక్క నుంచి తీసివేసే ఫిల్టర్లు అక్కడ ఉంటాయి, వాటిని వాడి చూస్తే అసలు పరిశీలించవలసింది ఎంత మిగులుతుందో తెలుస్తుంది. ఆ తర్వాత రంగు పడిన ప్రతి ముక్కనూ ఒక్కొక్కటిగా చూడాలి. చాలా ముక్కల దగ్గర చేయవలసింది ఏమీ ఉండదు: సంస్థల పూర్తి పేర్లు, చట్టాల పేర్లు, పరిశోధన పద్ధతుల పేర్లు, అందరూ ఒకేలా వాడే పదబంధాలు కలవడం సహజం. వాటిని మార్చబోతే వాక్యం వికారమవుతుంది. సాంకేతిక పదాలను పర్యాయపదాలతో మార్చి అర్థం చెడగొట్టుకున్న వ్యాసాన్ని దిద్దేవారు రెండో పేరాలోనే పసిగడతారు.

ఆగి చూడవలసినవి వేరు. ఒకే మూలంతో ఒకటికి మించిన వాక్యాలు వరసగా కలిస్తే, అక్కడ మీరు మూలాన్ని తెరిచిపెట్టుకొని రాశారని అర్థం. ఆ పేరాను సవరించడం కాదు, మూసేసి మొదటినుంచి రాయాలి. మూలం పేరు చెప్పి కూడా వాక్యాన్ని ఉన్నదున్నట్టు దింపి కొటేషన్ గుర్తులు మరచిపోయి ఉంటే, గుర్తులు పెట్టి పేజీ సంఖ్య ఇవ్వండి, లేదా సొంతంగా తిరగరాయండి. కొటేషన్లే వ్యాసంలో పదో వంతును మించిపోతుంటే నియమం ఉల్లంఘన కాకపోయినా మీ గొంతు అందులో లేదని గ్రహించాలి. కలిసిన మూలం ఒక విద్యార్థి పేపరు అయి, ఆ పేపరు మీరెప్పుడూ చూడనిదైతే, మీరిద్దరూ ఒకే వెబ్‌సైటు నుంచి ఆ మాటలు తీసుకొని ఉంటారు. ఆ అసలు మూలాన్ని వెతికి దాన్ని ఉదహరించాలి.

ఒకే ఇంట్లో ఉంటూ ఒకే కోర్సు చదివే మనవాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. గడువు వరకు మళ్లీ మళ్లీ సమర్పించడానికి వీలిచ్చే అసైన్‌మెంట్లలో, గడువు ముగిశాక టర్నిటిన్ రిపోర్టులను మరొకసారి తయారుచేసి, తరగతిలోని పేపర్లను ఒకదానితో ఒకటి పోలుస్తుంది. అంతకు ముందు మీకు పచ్చగా కనిపించిన రిపోర్ట్ ఆ తర్వాత మారిపోవచ్చు. రూమ్మేట్‌కు ఎలా మొదలుపెట్టాలో తెలియక మీ ఫైలు అడిగితే, ఇవ్వకపోవడం కష్టమే, మొహమాటమూ ఉంటుంది. అయినా ఫైలు ఇవ్వకండి, పక్కన కూర్చొని ప్రశ్నను వివరించండి. కలిసి చదవడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఒకరి ఫైలు ఇంకొకరి పేపరులో కనిపించినప్పుడు మాత్రం ఇచ్చినవారినీ తీసుకున్నవారినీ ఇద్దరినీ పిలుస్తారు.

కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్ విద్యార్థుల కోడ్ అసైన్‌మెంట్లకు వేరే పరీక్ష ఉంటుంది. 1994 నుంచి వాడుకలో ఉన్న మాస్ (MOSS) వంటి సాధనాలు ప్రోగ్రాముల నిర్మాణాన్ని పోలుస్తాయి కాబట్టి వేరియబుల్ పేర్లు మార్చినా, కామెంట్లు తీసేసినా పోలిక దాగదు. గిట్‌హబ్ నుంచో, స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచో తీసుకున్న ఫంక్షన్ ఉంటే దాని పైన కామెంట్‌లో లింకు ఇవ్వండి, రిపోర్ట్‌లోనూ ఆ మాట రాయండి.

మన దేశంలో పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథాలకైతే నిజంగానే అంకెలతో కూడిన నియమం ఉంది. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు, 10 నుంచి 40 వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి మళ్లీ ఇవ్వాలి, 40 నుంచి 60 వరకు ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతిని ఇవ్వడానికి వీలుండదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. మూలం చెప్పిన ఉల్లేఖనాలు, గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, ప్రామాణిక సూత్రాలు ఈ లెక్కలోకి రావు, వరసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసినా మినహాయింపు ఉంది. విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలను అనుసంధానించే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ 2019లో ప్రారంభించిన శోధ్‌శుద్ధి కార్యక్రమం ద్వారా విశ్వవిద్యాలయాలకు ఈ పరీక్ష సాఫ్ట్‌వేర్ అందుతుంది. తెలుగులో సిద్ధాంతగ్రంథం రాసేవారు పాత డీటీపీ ఫాంట్లలో కాక యూనికోడ్‌లో టైపు చేయించుకోవాలి. పాత ఫాంట్లలో తెరమీద తెలుగు కనిపించినా లోపల ఉండేది రోమన్ అక్షరాల కలగాపులగమే కాబట్టి యంత్రం దాన్ని సరిగా పోల్చలేదు, ఆ ఫైలు మీద వచ్చిన రిపోర్ట్‌కు విలువ ఉండదు.

ఏఐ వాడకం గురించి

టర్నిటిన్ 2023 ఏప్రిల్‌లో ఏఐ రాతను గుర్తించే భాగాన్ని కలిపింది. ఇది సిమిలారిటీకి సంబంధం లేని వేరే అంకె, సాధారణంగా విద్యార్థికి కనిపించదు, అధ్యాపకులకే కనిపిస్తుంది. 20 శాతం కన్నా తక్కువ వచ్చినప్పుడు పొరపాట్లకు అవకాశం ఎక్కువని ఆ సంస్థే ఖచ్చితమైన అంకెను చూపడం మానేసింది. కొన్ని విశ్వవిద్యాలయాలు దాన్ని అసలు వాడడమే లేదు. అందువల్ల ఏఐ చెకర్లలో మీ వ్యాసాన్ని వేసి సున్నా తెప్పించుకోవడానికి ప్రయత్నించడం కన్నా, మీ రాత మీదేనని చూపే ఆధారాలు పోగుచేసుకోవడం మేలు. గూగుల్ డాక్స్‌లోనో వన్‌డ్రైవ్‌లో ఉంచిన వర్డ్ ఫైలులోనో మొదటి వాక్యం నుంచి రాస్తే, ఏ రోజు ఏ పేరా చేరిందో వెర్షన్ హిస్టరీలో నమోదవుతుంది. చేతిరాత నోట్స్‌ను ఫోటో తీసి ఉంచండి, గుర్తులు పెట్టుకున్న పీడీఎఫ్‌లు చెరిపేయకండి.

తెలుగులో ఆలోచించి రాసుకొని యంత్రంతో ఇంగ్లీషులోకి మార్చడం, క్విల్‌బాట్ వంటి వాటితో వాక్యాలు తిప్పించడం అనుమతించిన సహాయమో కాదో మీ మాడ్యూల్ నియమాల్లో చూడండి. ఒకే విశ్వవిద్యాలయంలో ఒక మాడ్యూల్ ఒప్పుకొన్నదాన్ని ఇంకొకటి నిషేధిస్తుంది. ఒప్పుకున్న చోట కూడా ఏ సాధనాన్ని ఎందుకు వాడారో చివర రాయమని అడుగుతున్నారు, దాచకుండా రాయండి. చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సును మాత్రం డీఓఐతోనూ లైబ్రరీ కేటలాగ్‌లోనూ వెతికి, ఆ పత్రం తెరిచి చదవకుండా ఎప్పుడూ వాడకండి. లేని పత్రానికి ఉన్న రచయిత పేరు తగిలించి ఇవ్వడం వాటికి మామూలే, లేని రిఫరెన్సుకు మీ దగ్గర ఏ సంజాయిషీ ఉండదు.

అక్షరాల మధ్య తెల్లరంగు అక్షరాలు దూర్చడం, ఇంగ్లీషు అక్షరాల చోట వాటిలాగే కనిపించే రష్యన్ అక్షరాలు పెట్టడం వంటి చిట్కాలు యూట్యూబ్‌లో తిరుగుతుంటాయి. దాచిన పాఠాన్నీ మార్చిన అక్షరాలనూ టర్నిటిన్ విడిగా గుర్తించి అధ్యాపకులకు చూపిస్తుంది. పోలికను పొరపాటుగా తీసుకునే అధ్యాపకులు కూడా దీన్ని పొరపాటుగా తీసుకోరు.

సమర్పించే రోజు

ఫైలు పేరులోనూ లోపలా మీ పేరు ఉండాలో, స్టూడెంట్ ఐడీ మాత్రమే ఉండాలో ముందు చూడండి. బ్రిటన్‌లో పేరు తెలియకుండా దిద్దే పద్ధతి ఎక్కువ కాబట్టి చాలా చోట్ల ఐడీ మాత్రమే అడుగుతారు. వర్డ్ ఫైలో, పీడీఎఫ్ ఫైలో, అడిగిన రూపంలోనే ఇవ్వాలి. పీడీఎఫ్ ఇస్తే అందులోని అక్షరాలను మౌస్‌తో ఎంపిక చేయగలగాలి, స్కాన్ చేసిన బొమ్మలను టర్నిటిన్ చదవలేదు. పదాల పరిమితిలో రిఫరెన్సులు, పట్టికలు లెక్కలోకి వస్తాయో రావో అసైన్‌మెంట్‌తో ఇచ్చే వివరాల పత్రంలో (బ్రీఫ్‌లో) ఉంటుంది.

గడువు వేళను బ్రిటన్ సమయంలో చదవాలి. అక్టోబరు చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం వరకు మనకూ వారికీ తేడా అయిదున్నర గంటలు, మిగతా కాలంలో నాలుగున్నర. క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చి జనవరి గడువుకు విజయవాడ నుంచో వరంగల్ నుంచో పెట్టేవారికి అక్కడి మధ్యాహ్నం 12 గంటలు అంటే ఇక్కడ సాయంత్రం అయిదున్నర. మూడిల్ ప్రొఫైల్‌లో టైమ్‌జోన్ ఏది ఉంటే గడువు ఆ సమయంలో కనిపిస్తుంది, దాన్ని ఒకసారి తెరిచి చూసుకోండి. అర్ధరాత్రి గడువు అని మాత్రమే రాసి ఉంటే అది ఏ తేదీ అర్ధరాత్రో అడిగి తెలుసుకోండి.

ఇంత పనీ చేసి చివరి మెట్టులో జారేవారు ఉన్నారు. మూడిల్‌లో ఫైలు అప్‌లోడ్ చేసి సేవ్ నొక్కగానే పని అయిపోయిందనుకుంటారు. కొన్ని అసైన్‌మెంట్లలో అప్పుడు అది డ్రాఫ్ట్ స్థితిలోనే ఉంటుంది, సబ్మిట్ అసైన్‌మెంట్ అనే బటన్‌ను విడిగా నొక్కి, ఈ పని నాదేనన్న ప్రకటనకు టిక్ పెట్టిన తర్వాతే గ్రేడింగ్ కోసం సమర్పించినట్టు చూపిస్తుంది. ఆ మాట తెరమీద కనిపించేవరకు లేవకండి. టర్నిటిన్ అయితే సబ్మిషన్ ఐడీ ఉన్న డిజిటల్ రసీదు ఇస్తుంది, దాన్ని డౌన్‌లోడ్ చేసి ఈమెయిల్‌లో భద్రపరచండి. ఆ తర్వాత సమర్పించిన ఫైలును అక్కడి నుంచే తిరిగి తెరిచి, అది చివరి వెర్షనేనా, అన్ని పేజీలూ ఉన్నాయా చూడండి. పాత డ్రాఫ్ట్ వెళ్లిపోతే గడువులోపు మార్చుకోవచ్చు, గడువు తర్వాత చాలా చోట్ల మార్చడానికి వీలుండదు.

వేదిక మొరాయిస్తే సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ఫైలును జతచేసి, గడువులోపే విభాగం కార్యాలయానికి ఈమెయిల్ పంపండి. అనారోగ్యం, ఇంట్లో విషాదం వంటి కారణాలుంటే గడువు పొడిగింపుకు ఫారం ఉంటుంది, దాన్ని వీలైనంతవరకు గడువుకు ముందే, ఆధారాలతో ఇవ్వాలి. మెడికల్ సర్టిఫికెట్ తెలుగులో ఉంటే దాని ఇంగ్లీషు అనువాదాన్ని కూడా వారు అడగవచ్చు. ఆలస్యానికి రోజుకు ఇన్ని మార్కులని తగ్గించే చోట్లున్నాయి, పాస్ మార్కు దగ్గరే ఆపేసే చోట్లూ ఉన్నాయి. ఏ లెక్కన చూసినా, సరిదిద్దుతూ ఒక రోజు ఆలస్యంగా ఇవ్వడం వల్ల పెరిగే మార్కుల కన్నా పోయేవే ఎక్కువ.

విచారణకు పిలిస్తే

అన్నీ సరిచూసుకున్నవారికి కూడా ఒక్కోసారి అకడమిక్ మిస్‌కాండక్ట్ సమావేశానికి రమ్మని లేఖ వస్తుంది. భయపడి మౌనంగా ఉండడం గానీ, స్నేహితులు చెప్పారని చేయని తప్పు ఒప్పుకోవడం గానీ చేయకండి. మీ మీద ఉన్న ఆరోపణ ఏమిటో, ఏ పేరాల గురించో రాతపూర్వకంగా అడిగి, రిపోర్ట్ ప్రతి తీసుకోండి. స్టూడెంట్స్ యూనియన్‌లో ఉచితంగా సలహా ఇచ్చే విభాగం ఉంటుంది, వారు విశ్వవిద్యాలయం యంత్రాంగంలో భాగం కారు, చాలా చోట్ల సమావేశానికి మీతో పాటు రాగలరు. వెర్షన్ హిస్టరీ, నోట్స్, చదివిన పత్రాలు పట్టుకొని వెళ్లి, వ్యాసంలోని ఏ వాదన ఎలా తట్టిందో మీ మాటల్లో చెప్పడానికి సిద్ధపడండి. పొరపాటు జరిగి ఉంటే ఎక్కడ ఎలా జరిగిందో సూటిగా చెప్పండి, మొదటిసారి, చిన్నపాటి పొరపాటుకు చాలావరకు హెచ్చరికతోనో మార్కుల కోతతోనో సరిపెడతారు. కోర్సు నుంచి తొలగించే స్థితి వస్తే విశ్వవిద్యాలయం వీసాలు చూసే ప్రభుత్వ శాఖ అయిన హోమ్ ఆఫీసుకు తెలియజేయవలసి ఉంటుంది, వీసా ఇబ్బందులు అక్కడ మొదలవుతాయి. కాబట్టి మొదటి లేఖనే తీవ్రంగా తీసుకోవాలి. నిర్ణయం అన్యాయంగా అనిపిస్తే ముందు విశ్వవిద్యాలయంలోనే అప్పీలు చేయాలి. అక్కడి ప్రక్రియ ముగిసిందని చెప్పే లేఖ అందిన తర్వాత, ఇంగ్లండ్, వేల్స్ విశ్వవిద్యాలయాల్లో చదివేవారు విద్యార్థుల ఫిర్యాదులను పరిశీలించే స్వతంత్ర సంస్థ అయిన ఆఫీస్ ఆఫ్ ది ఇండిపెండెంట్ అడ్జుడికేటర్‌కు ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చు. దానికి గడువు ఆ లేఖ తేదీ నుంచి 12 నెలలు.